చెరకు వెంట ఫిజీ దాకా: వెళ్ళేముందు తెలుసుకోవలసిన మర్యాదలు

ఇప్పుడు మన ఇళ్ళలో పిల్లలు ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో ఉంటున్నారు. వాళ్ళను చూడడానికి వెళ్ళినప్పుడు పనిలో పనిగా ఫిజీ దీవులు కూడా చూసి వస్తున్నవాళ్ళున్నారు. సముద్రం, ఇసుక, ఫొటోలు సరే. కానీ ఫిజీ మనకు ఒట్టి విహారస్థలం కాదు. వెళ్ళేముందు ఆ సంగతి కాస్త తెలుసుకోవాలి.

చెరకు తోటల్లో పనికోసం ఇంగ్లీషువాళ్ళు 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేలమందిని మన దేశం నుంచి ఫిజీకి ఓడల్లో తీసుకెళ్ళారు. మొదట కలకత్తా రేవు నుంచే. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా మొదలుపెట్టారు. అలా వెళ్ళిన 14 వేలమందికి పైగా దక్షిణాదివారిలో కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్ళూ, మన విశాఖపట్నం జిల్లావాళ్ళూ ఉన్నారు. అనకాపల్లి అప్పుడు ఆ జిల్లాలోదే. ఇక్కడ చెరకు పరిశోధనా కేంద్రం పెట్టింది 1913లో. మన రైతుల చెరకు బెల్లమవుతున్న ఆ రోజుల్లోనే, మనవాళ్ళు కొందరు పరాయి కంపెనీ చెరకు నరకడానికి ఓడ ఎక్కుతున్నారన్నమాట.

అయిదేళ్ళు పనిచేస్తామని రాసిచ్చిన అగ్రిమెంటు కూలీల నోట 'గిర్మిట్' అయింది. వాళ్ళేమో గిర్మిటియాలయ్యారు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని నియమం. అప్పగించిన పని పూర్తిచేస్తే మగవాళ్ళకు రోజుకు షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. ఆడవాళ్ళకు తొమ్మిది పెన్నీలే. పసిబిడ్డను చేనుగట్టున పడుకోబెట్టి పనికి దిగిన తల్లులున్నారు. చివరికి 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. చాలామంది అక్కడే ఉండిపోయారు. దక్షిణాదివాళ్ళు 1926లో సంగం పెట్టుకుని బడులు నడిపారు. 1941లో మన తెలుగువాళ్ళు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు.

ఇక మర్యాదల సంగతి. ఆ దీవుల అసలు వాసులు ఇతౌకెయి ప్రజలు. భూమిలో చాలా భాగం ఇప్పటికీ వాళ్ళ వంశాలదే. అందుకే వాళ్ళ పల్లెలోకి ఎవరూ నేరుగా నడిచి వెళ్ళరు. యంగోనా వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి పెద్దకు సమర్పించి అనుమతి అడుగుతారు. దీన్ని సెవుసెవు అంటారు. పెద్దల ఇంటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదని మనకూ నేర్పారు కదా, కష్టమనిపించదు.

పల్లెలో టోపీ, నల్లకళ్ళద్దాలు తీసేయాలి. భుజాలు, మోకాళ్ళు కనిపించకూడదు. చీరకైతే ఇబ్బందే లేదు. గుమ్మం బయటే చెప్పులు విడవాలి. లోపల చాప మీద కూర్చున్నప్పుడు కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు చాపకూడదు. ముద్దొచ్చినా సరే, పిల్లల తల నిమరకండి. అక్కడ తల ముట్టుకోవడం అమర్యాద. యంగోనా రసం కొబ్బరిచిప్పలో ఇస్తే ఒకసారి చప్పట్లు కొట్టి, 'బులా' అని ఒక్క గుక్కలో తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. ఆదివారం చర్చి రోజు. పల్లె చూడడానికి వేరే రోజు పెట్టుకోండి. ఆవకాయ, పొడులు, విత్తనాలు ఏవి పట్టుకెళ్ళినా విమానాశ్రయంలో ఫారంలో రాయాలి. దాచకండి.

ఇతౌకెయి పల్లెలో మర్యాద ఎవరైనా చెబుతారు. మనవాళ్ళ వారసుల ఇంట్లో మర్యాద చెప్పేవాళ్ళు తక్కువ. "మీరు అసలు ఇండియావాళ్ళే కదా" అని అనకండి. నాలుగైదు తరాలు అక్కడే పుట్టినా, వాళ్ళను అతిథులుగానే చూసిన రోజులున్నాయి. ఆ దేశంలో పౌరులందరినీ ఫిజియన్లు అనాలని చట్టం చేసింది ఆలస్యంగానే. అడగక్కర్లేని ఇంకో ప్రశ్న కులం. నెల రోజులకు అటూఇటూగా ఒకే ఓడలో, ఒకే వంట తిని వెళ్ళినవాళ్ళ మనవలు వాళ్ళు. తెలుగు రాకపోతే నవ్వకండి. అందరికీ అర్థమయ్యే ఫిజీ హిందీ అక్కడ ఇంటి భాష అయిపోయింది.

వాళ్ళూ మనవైపు వస్తుంటారు. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక పాసు ఉండేది. తండ్రి పేరు, ఊరు, జిల్లా అందులో రాసేవారు. ఆ కాగితం నకలు పట్టుకుని ముత్తవ్వ ఊరు వెతుక్కుంటూ ఎవరైనా వస్తే, విసుక్కోకుండా కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. ఇంగ్లీషు గుమాస్తా రాసిన ఊరి పేరు వంకరటింకరగా ఉండొచ్చు. మన యాసలో రెండుమూడు రకాలుగా పైకి చదివి చూడండి. ఏ ఊరో వాళ్ళకంటే ముందు మన చెవికే తెలుస్తుంది.