గౌతమీతీరమునుండి జాతీయ గ్రంథసూచికి

ఏటేట నవంబరు 14వ తేదీన ఆరంభమగు జాతీయ గ్రంథాలయ వారోత్సవములు సమీపించుచున్న ఈ తరుణమున, ఆ తేదీకి మూలమైన 1919 నాటి అఖిలభారత గ్రంథాలయ మహాసభను చెన్నపట్టణమున సమకూర్చుటకు ముఖ్యముగా శ్రమించినవారు తూర్పుగోదావరి కొంకుదురులో జన్మించిన అయ్యంకి వేంకటరమణయ్యగారని స్మరించుట మన విధి.

అంతకు పూర్వపు శతాబ్దములలో ఏ తాటాకు గ్రంథము ఎవరి యింట నున్నదో చాలవఱకు పండితుల జ్ఞాపకమునందే యుండెడిది. 1898లో నాళం కృష్ణారావుగారు రాజమహేంద్రవరమున వసురాయకవి పేర నెలకొల్పిన గ్రంథాలయము, పిదప కొక్కొండ వేంకటరత్నంగారి పేర వెలసిన దానితో కలిసి గౌతమీ గ్రంథాలయమైనది. పుస్తకము ఊరి సొత్తయిన తోడనే, దానిని వెదకిపట్టుటకు జ్ఞాపకము చాలక పట్టిక అవసరమయ్యెను.

ఆ అవసరము దేశవ్యాప్తమైన ఘట్టము నాకు మిక్కిలి ప్రీతికరము. 1954 శాసనము ననుసరించి ప్రకాశకులు తమ పుస్తకమును, అది వెలువడిన ముప్పది దినములలోపల, కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకు పంపవలెను. అట్లు వచ్చిచేరిన గ్రంథరాశిని ఆధారముగా గొని, ఆ గ్రంథాలయాధిపతి బి. ఎస్. కేశవన్ గారి సారథ్యమున 1958లో భారత జాతీయ గ్రంథసూచి వెలువడినది. ఆంగ్లముతో కూడ 14 భాషల పుస్తకములను భాషలవారీగా విడదీయక, డ్యూయీ దశాంశ వర్గీకరణ సంఖ్యల ననుసరించి విషయక్రమమున కూర్చి, ప్రతి పద్దుకును రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ సంఖ్యను సైతము జతచేసిరి. వరిసాగును గూర్చి తెలుగున వ్రాసిన పుస్తకము, అదే విషయమున తమిళ వంగ భాషలలో వెలువడిన పుస్తకముల సరసన చేరగల ఆ ఏర్పాటున, దేశము తన విద్యను ఒక్కచోట చూచుకొనగలిగినది. అందులకై అన్ని భాషల పుస్తకముల పేర్లను రోమను లిపిలో వ్రాయవలసివచ్చెను. తెలుగుమాత్రమే చదువనేర్చిన కోనసీమ రైతునకు తన పుస్తకపు పద్దే అపరిచితమయ్యెను.

కంప్యూటరు వచ్చిన పిదప క్రమము కుదురుటకు మారుగా చిక్కులు పెరిగినవి. 1991లోనే యూనికోడునందు తెలుగు లిపికి స్థానము లభించినను, రోమను లిపిలో వ్రాసిన పాత పద్దులు మిగిలియున్నవి. కందుకూరి వీరేశలింగంగారు ఒకచోట ఇంటిపేరు క్రింద, వేరొకచోట వీరేశలింగం క్రింద, మఱొకచోట వేఱు వర్ణక్రమమున కనబడిన యెడల యంత్రము ఆయనను ముగ్గురిగా లెక్కించును. కావున గ్రంథకర్త కొక్క ప్రామాణిక నామమును తెలుగు లిపిలోనే స్థిరపరచి, తక్కిన రూపములను దానికి ముడిపెట్టవలెను. ఆ పని గౌతమీ వంటి గ్రంథాలయముల పట్టికలతో కలిసి సాగవలెను. అమలాపురమున ఒక విద్యార్థి తెలుగున టైపు చేసి అడిగిన పుస్తకము కలకత్తాలో నున్నదో, రాజమహేంద్రవరముననే యున్నదో ఒక్కమారే తెలుపలేని సూచికను ఆధునికమని నేను అంగీకరింపలేను.