ఇటాలియన్ పళ్ళెం, నెల్లూరు గుంట

చెన్నై నుంగంబాక్కంలోనో హైదరాబాదు హైటెక్ సిటీలోనో స్టార్ హోటల్లో ఉండే ఇటాలియన్ రెస్టారెంటుకు వెళ్ళి రొయ్యల పాస్తా అడిగితే, వచ్చే పళ్ళెం దాదాపు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. వెడల్పాటి తెల్లటి పింగాణీ, నడుమ పిడికెడు లింగ్విని, దాని మీద తోకలెత్తుకుని కూర్చున్న నాలుగైదు రొయ్యలు. ఆలివ్ నూనె టస్కనీదని, చీజ్ పార్మా దగ్గర రెండేళ్ళు మాగిందని వడ్డించే కుర్రాడు వినయంగా చెబుతాడు. (రొయ్యల పాస్తా మీద ఇటలీలో చీజ్ చల్లరు. మనవాళ్ళు ఇంకాస్త వేయమంటారు.) రొయ్య ఎక్కడిదో మాత్రం చెప్పడు, మనమూ అడగం. అడగాల్సింది దాని గురించే అని నా అభిప్రాయం. ఆ వంటకం ధర పిండి వల్ల పెరిగేది కాదు, రొయ్య వల్ల పెరిగేది. ఆ రొయ్య పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే దారి ఇటలీకి పోదు, నెల్లూరు తీరంలోని ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు రొయ్యల గుంటల మీదుగా పోతుంది.

అసలు ఇటలీ వంటకు ఈ హంగు పుట్టుకతో వచ్చింది కాదు. 1880 నుంచి 1924 దాకా నలభై లక్షల మంది దాకా ఇటాలియన్లు, ఎక్కువగా దక్షిణాది పేదలు, పొట్ట చేతపట్టుకుని అమెరికా వెళ్ళారు. వాళ్ళు పెట్టుకున్న చిన్న చిన్న భోజనశాలలే బయటి ప్రపంచానికి తెలిసిన తొలి ఇటాలియన్ రెస్టారెంట్లు. ఎర్ర గళ్ళ బల్లగుడ్డ, చవక స్పాగెట్టి, అంతే. డబ్బున్నవాళ్ళు ఫ్రెంచి భోజనానికి వెళ్ళేవారు. ఇటాలియన్ భోజనం ఖరీదైన ముచ్చటగా మారింది 1970, 80లలో. మన దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఆలస్యం. విదేశీ తిండి సరుకుల దిగుమతి మీద మిగిలి ఉన్న పరిమాణ ఆంక్షలను ప్రభుత్వం 2001 ఏప్రిల్ 1న ఎత్తేశాక గానీ ఆలివ్ నూనె, పాస్తా, చీజ్ మన ఊళ్ళలో ధారాళంగా దొరకలేదు. చెన్నైలో తాజ్ కోరమాండల్ 1974 నుంచి ఉంది. అందులోని ప్రెగో, హైదరాబాదు ట్రైడెంట్‌లోని టస్కనీ లాంటివి ఈ కొత్త కాలపు బల్లలు. నెల్లూరు వాళ్ళకు దగ్గరి మహానగరం చెన్నై, 175 కిలోమీటర్లు. పెళ్ళి పట్టుచీరలకో, ఆస్పత్రికో, విమానం ఎక్కించడానికో వెళ్ళినప్పుడు పిల్లలు బలవంతం చేసి అలాంటి రెస్టారెంటుకు తీసుకెళ్తారు. గుంటలున్న పెద్దాయనైతే పళ్ళెం రాగానే ఫోర్కు ముట్టడు. రొయ్యను ఎగాదిగా చూసి "ముప్పై కౌంట్ ఉంటదిలే" అంటాడు.

పళ్ళెంలో మిగతావి మాత్రం ఎంత ఇటాలియన్? టమోటా అమెరికా ఖండం నుంచి స్పెయిన్ ఓడల్లో యూరప్ చేరింది. 1548లో పీసాలో మెడిచి ప్రభువు ఇంటికి ఒక బుట్టెడు వచ్చాయని రికార్డు ఉంది. నేపుల్స్‌లో ఆంటోనియో లాటిని దానితో సాస్ చేసే పద్ధతి పుస్తకంలోకి ఎక్కించింది 1690లలో. పాస్తాలో టమోటా కలపడం 18వ శతాబ్దం చివరికి గానీ కనబడదు. ఎండుమిరప సంగతీ అంతే. కలాబ్రియాకూ గుంటూరుకూ అది వలస వచ్చిన పంటే. ఇక రొయ్య. అదీ అమెరికాదే. మెక్సికో నుంచి పెరూ ఉత్తరపు కొస దాకా పసిఫిక్ తీరంలో పుట్టి పెరిగే జాతి. మన వాళ్ళు వనామి అని పిలుచుకుంటున్నది దాన్నే.

నెల్లూరుకు ఇటలీతో సంబంధం కొత్తదేమీ కాదని ఇక్కడొక మాట చెప్పుకోవాలి. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డొచ్చింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, కుండ నిండా రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినాల బొమ్మలున్నవి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలావరకు మూసలో కరిగిపోయాయి, ముప్పై పైచిలుకు మాత్రం నవాబు మనుషుల చేతికి చిక్కాయి. మద్రాసు నుంచి అలెగ్జాండర్ డేవిడ్సన్ దొర 1787లో రాసిన లేఖలో ఈ వైనమంతా ఉంది. కలకత్తా 'ఏషియాటిక్ రిసెర్చెస్' దాన్ని అచ్చువేసింది. కొన్ని నాణేలు నిన్న ముద్రవేసినట్టున్నాయట, కొన్నింటికి నగలుగా వేసుకోవడానికి కాబోలు చిల్లులు పొడిచి ఉన్నాయట. పదమూడో శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో కూడా ఈ తీరానికే, కాస్త ఉత్తరాన ఉన్న మోటుపల్లికి, కాకతీయుల రేవుకు వచ్చాడు. వజ్రాల గురించి, సన్నటి నేత బట్టల గురించి రాసుకున్నాడు. చైనా నుంచి పాస్తా తెచ్చింది ఆయనే అన్న కథ మాత్రం అబద్ధం. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది 1929లో అమెరికా మాకరోని వ్యాపారుల పత్రిక.

రొయ్య దగ్గరికి వద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు తీరంలో సాగైంది టైగర్ రొయ్య, ఒంటి మీద చారలున్న మన సముద్రపు రొయ్యే. చవుడు బారిన భూములకు ఎన్నడూ లేని లీజులు పలికాయి. వరి మళ్ళు కూడా గుంటలయ్యాయి. టైగర్ సాగుకు మూలంలోనే ఒక లోపం ఉంది. తల్లి రొయ్యల్ని సముద్రంలోంచి పట్టి తెచ్చి హేచరీలో గుడ్లు పెట్టించాలి. తల్లి ఒంట్లో వైరస్ ఉంటే అది పిల్లల్లోకి, పిల్లల్లోంచి గుంటలోకి దిగుతుంది. 1994లో వచ్చిన వైట్ స్పాట్ జబ్బు అలా వచ్చిందే. తల చిప్ప మీద తెల్ల మచ్చలు, రొయ్యలు గట్టు అంచుకు చేరడం, వారం పది రోజుల్లో గుంటంతా ఖాళీ. తాగే నీళ్ళు ఉప్పగా మారాయని, వలలు తీరానికి తీసుకుపోయే దారులు మూసుకుపోయాయని పల్లెకారులు, చిన్న రైతులు అప్పటికే మొత్తుకుంటున్నారు. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు చెప్పింది. పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు సంప్రదాయ పద్ధతిలో కాని గుంటలు ఉండకూడదు, పులికాట్ సరస్సు చుట్టూ 1,000 మీటర్ల లోపు అసలే ఉండకూడదు, ఉన్నవాటిని 1997 మార్చి 31 లోపు కూల్చేయాలి అని. కూల్చివేతలు సమీక్ష పిటిషన్లలో చిక్కుకున్నాయి. చివరికి 2005లో పార్లమెంటు చట్టం చేసి ఈ సాగుకు ఒక అథారిటీని పెట్టి, దూరాన్ని 200 మీటర్లకు తగ్గించింది. కోర్టు చెప్పిన మాటకు చట్టం చుట్టుదారి వెతికిందనే నాకు అనిపిస్తుంది. ఆ గుంటల మీదే లక్షల కుటుంబాలు బతుకుతున్నాయన్నదీ అంతే నిజం.

టైగర్‌కూ వనామికీ మధ్యలో నీలకంఠ రొయ్య వచ్చింది. మంచినీటి జాతి, మగదానికి నీలి రంగు పొడుగు చేతులు. వైట్ స్పాట్‌తో చేతులు కాలినవాళ్ళు, ఉప్పునీటి గొడవలెందుకు అనుకున్నవాళ్ళు దీని వైపు మళ్ళారు. నెల్లూరు జిల్లా దానికి పెద్ద కేంద్రమైంది. ఎగుమతిదారులు దీన్ని స్కాంపి అన్నారు. ఇటలీలో ఆ పేరు ఏడ్రియాటిక్ సముద్రంలో దొరికే సన్నటి లాబ్‌స్టర్ లాంటి జీవిది. అమెరికా వెళ్ళిన ఇటాలియన్లకు అది దొరక్క మామూలు రొయ్యనే వెల్లుల్లి, వెన్నలో వేయించి పాత పేరు పెట్టుకున్నారు. అదే పేరు మన కాలవ నీళ్ళ రొయ్యకూ అంటుకుంది. ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. 2005 ప్రాంతంలో దేశమంతటా 42 వేల టన్నుల దాకా పండిన నీలకంఠ, నాలుగైదేళ్ళలో అందులో ఆరో వంతుకు పడిపోయింది. ఒకే గుంటలో కొన్ని చేతెడు, కొన్ని వేలెడు పెరగడం, తల బరువే సగం కావడం, మేనరికపు తల్లులు, తెల్లతోక జబ్బు, అన్నీ కలిసి దెబ్బతీశాయి.

వనామిని 2003లో ప్రయోగాత్మకంగా తెచ్చారు. అది జరిగిందీ ఆంధ్ర తీరంలోనే. 2009లో అందరికీ అనుమతి వచ్చింది. దాని బలం ఏమిటంటే, తరాల తరబడి మనిషి పెంపకంలో పుట్టిన జాతి కాబట్టి జబ్బు లేని తల్లుల్ని ఎంచి అమ్ముతారు. టైగర్ అడుగున పాకుతుంది, ఇది నీళ్ళలో పైదాకా ఈదుతుంది. అందుకని చదరపు మీటరుకు 60 దాకా పిల్లను వదలనిస్తారు. మేతలో మాంసకృత్తులు తక్కువైనా సరిపెట్టుకుంటుంది. దాదాపు మంచినీళ్ళలోనూ బతుకుతుంది. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి చెన్నై విమానాశ్రయంలో దిగి నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తయ్యాకే తీరం వెంబడి హేచరీలకు పోతాయి. ఇటాలియన్ పళ్ళెం పెట్టే నగరమే రొయ్య తల్లికీ తొలి మజిలీ. హేచరీలో ఆడదాని ఒక కంటి కాడను నొక్కి తీసేస్తారు, అప్పుడు గుడ్లు త్వరగా వస్తాయి. ఒక్కో తల్లి లక్ష, రెండు లక్షలు పెడుతుంది. మూడు వారాల్లో వెంట్రుక ముక్కల్లాంటి సీడు ఆక్సిజన్ సంచుల్లో గుంటకు చేరుతుంది.

తర్వాతి నూరు రోజులు రైతుకు నిద్ర ఉండదు. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, జనరేటరు వెంటనే అందుకోకపోతే పంట పోతుంది. చెక్ ట్రే పైకి లాగి టార్చి వేసి చూస్తారు. మేత మిగిలిందా, రొయ్య పేగులో గీత నిండుగా ఉందా, రెట్ట తెల్లగా ఉందా. తెల్లగా ఉంటే జబ్బన్నమాట, గుండె జారుతుంది. బేరమంతా కౌంట్ మీదే. కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంట్, నూరు తూగితే నూరు. అమెరికాకు పోయే పెట్టె మీద లెక్క పౌనుకు మారి 16/20, 21/25 అని పడుతుంది. ప్లాంటులో చేతులు కొంకర్లు పోయే ఐసు నీళ్ళలో ఆడవాళ్ళు తల తుంచి, తోలు ఒలిచి, వీపున నల్ల నరం లాగేస్తారు. తోకను, దాని పై ఒక్క గణుపు తోలును మాత్రం వదిలేస్తారు. నెల్లూరు ఇంట్లో రొయ్యల ఇగురుకు ఆ తోక అక్కర్లేదు, నోట్లో గుచ్చుకుంటుంది. తెల్ల పళ్ళెంలో మాత్రం అది అందం.

యూరప్‌కు పోయే సరుకు మరో గండం దాటాలి. 2016 నుంచి భారతీయ రొయ్యల పెట్టెల్లో సగం లాట్లను అక్కడి రేవుల్లో యాంటీబయాటిక్ పరీక్షకు ఆపుతున్నారు. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద బజారు అమెరికా. అక్కడ 2025 ఆగస్టు 27న సుంకం యాభై శాతానికి ఎక్కింది. ఆ దెబ్బతో అప్పట్లో తీరమంతా ఒకటే చర్చ నడిచింది. జబ్బు లేని తల్లులతో టైగర్‌ను మళ్ళీ వేద్దామా, సీడు తగ్గించి పెద్ద కౌంట్ తీద్దామా, దేశంలోనే అమ్ముదామా అని. దేశంలో పండే రొయ్యలో సగానికి పైగా ఆంధ్రదే, అందులో మనం తినేది కొంచెమే. నగరాల్లోని ఇటాలియన్ రెస్టారెంట్లు అమెరికా బజారు లోటు తీరుస్తాయనుకోవడం భ్రమ. వాళ్ళకు కావలసింది ఇరవై ముప్పై కౌంట్, అదీ తక్కువ కిలోలు. తెల్లరెట్ట కనపడగానే భయపడి అరవై రోజులకే పట్టేసిన నూరు కౌంట్ సరుకుకు ఆ బల్లల మీద చోటు లేదు. దాన్ని నెల్లూరు చేపల బజారులో పొద్దున్నే కుప్పలు పోసి అమ్ముతారు, మధ్యాహ్నానికి ఇగురై పోతుంది.