రక్తపిశాచికి విరుగుడుగా పుట్టిన బిషప్పు

1971 ప్రాంతం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ నగరం. ఇరవైల్లో ఉన్న డేవ్ ఆర్నెసన్ తల్లిదండ్రుల ఇంటి సెల్లార్‌లో మిత్రులను కూర్చోబెట్టి ఒక కొత్త ఆట ఆడిస్తున్నాడు. అంతకు ముందు వాళ్లంతా బల్ల మీద సైనికుల బొమ్మలు పేర్చి నెపోలియన్ నాటి యుద్ధాలు ఆడేవాళ్లు. ఒక్కో ఆటగాడి చేతిలో ఒక్కో దండు ఉండేది. ఈ కొత్త ఆటలో మాత్రం ఒక్కొక్కరికీ ఒక్క మనిషే. ఆ మనిషి ఎటు పోవాలో, ఎవరితో మాట్లాడాలో, ఎవరిని పొడవాలో ఆటగాడు నోటితో చెబుతాడు. ఫలితం పాచికలు తేలుస్తాయి. కథ జరిగే ఊరి పేరు బ్లాక్‌మూర్. ఊళ్లో ఒక కోట, కోట కింద అంతు తెలియని సొరంగాలు.

ఆ ఆటలో అందరూ మంచివాళ్లే కానక్కర్లేదు. కొందరు చెడ్డవాళ్ల పక్షాన ఆడేవాళ్లు. వాళ్లలో ఒకరి పాత్ర రక్తపిశాచిగా మారి సర్ ఫ్యాంగ్ అనే పేరుతో తిరగడం మొదలుపెట్టింది. రానురాను సర్ ఫ్యాంగ్‌ను పట్టడం ఎవరి తరమూ కాకుండా పోయింది. ఒకే పాత్ర అందరినీ మింగేస్తూ పోతే మిగతావాళ్లు ఎన్నాళ్లని వచ్చి కూర్చుంటారు? ఏదో ఒకటి చేయక తప్పలేదు. అప్పుడు ఆ బల్ల దగ్గరే ఉన్న మైక్ కార్‌కు బిషప్పు వేషం పడింది. బిషప్ కార్. చేతిలో శిలువ, ఎదురుగా సర్ ఫ్యాంగ్.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ‘క్లెరిక్’ అనే మతగురువు పాత్ర పుట్టుక ఇదీ. ఇప్పుడు ప్రపంచమంతటా ఏ ఆటబృందాన్ని చూసినా కనిపించే ఈ పాత్ర భక్తిలోంచి రాలేదు. ఒక ఆటగాడి దూకుడుకు కళ్లెం వేయడానికి వచ్చింది. ఆ తర్వాత యాభై ఏళ్లలో దీనికి ఎన్ని హంగులు తగిలించినా, లేచి తిరిగే శవాలను వేటాడే పని దగ్గరున్నప్పుడే దీనికి అందం. ఆ పని పక్కన పెట్టిన ప్రతిసారీ ఇది బృందం వెనక నడిచే కాంపౌండర్‌గా దిగజారింది.

ఈ వేషానికి కొలతలు ఇచ్చింది చర్చి కాదు, సినిమా. ఇంగ్లండ్‌లోని హామర్ కంపెనీ 1958లో తీసిన ‘డ్రాక్యులా’లో పీటర్ కుషింగ్ వాన్ హెల్సింగ్‌గా వేశాడు. పతాక ఘట్టంలో అతను బల్ల మీదుగా పరుగెత్తి, ఎగిరి కిటికీ తెరలు లాగి ఎండను లోపలికి రానిస్తాడు. రెండు కొవ్వొత్తి స్తంభాలను అడ్డంగా పట్టి శిలువ చేసి డ్రాక్యులాను ఆ ఎండలోకి నెడతాడు. 1960లో వచ్చిన ‘బ్రైడ్స్ ఆఫ్ డ్రాక్యులా’లో ఇంకాస్త ముందుకు వెళ్లి, గాలిమర రెక్కలనే తిప్పి వాటి నీడతో శిలువ వేస్తాడు. ఆర్నెసన్ అలాంటి భయానక సినిమాలు వరసపెట్టి చూసే మనిషి. బ్లాక్‌మూర్ కూడా ఒక వారాంతం టీవీలో పాత రాక్షస సినిమాలు చూస్తూ, పుస్తకాలు తిరగేస్తూ ఉండగా తట్టిందేనని ఆయనే చెప్పుకున్నాడు.

చిత్రమేమిటంటే వాన్ హెల్సింగ్ మతగురువు కాడు. బ్రామ్ స్టోకర్ 1897 నాటి నవలలో అతను ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన డాక్టరు, ప్రొఫెసరు. సంచిలో వెల్లుల్లి పూలతో పాటు చర్చిలో ప్రసాదంగా ఇచ్చే పవిత్ర అప్పాన్ని కూడా పెట్టుకుని తిరుగుతాడు. అసలైన సన్యాసి వేటగాడు హామర్ సినిమాల్లో 1966లో గానీ రాలేదు. ‘డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’లో మఠాధిపతి ఫాదర్ శాండర్ తుపాకీ పట్టుకుని గుర్రం మీద తిరుగుతుంటాడు. చివర్లో డ్రాక్యులా నిలబడ్డ మంచును తుపాకీతో పగలగొట్టి, పారే నీళ్లలో ముంచేస్తాడు. మీ క్లెరిక్ పాత్రకు ఒక మనిషి నమూనా కావాలంటే నా ఓటు వాన్ హెల్సింగ్‌కు కాదు, ఈ శాండర్ గారికే. బాటసారులను ముందు హెచ్చరించి తర్వాత కాపాడే ఆ గద్దింపులో ఒక ఊరి పెద్దమనిషి కనిపిస్తాడు.

బ్లాక్‌మూర్ ఆటను ఆర్నెసన్ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు తీసుకువెళ్లి, అక్కడ యుద్ధపు ఆటలు తయారుచేసే గ్యారీ గైగాక్స్‌కు చూపించాడు. ఇద్దరి పేర్లతో 1974లో మూడు చిన్న పుస్తకాలున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె బయటికి వచ్చింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు, వెల పది డాలర్లు. అందులో ఆటగాడు ఎంచుకోగల వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. వేల ఏళ్ల పురాణాల నిండా ఇన్ని రకాల వీరులుండగా, సర్ ఫ్యాంగ్ కోసం కుట్టిన చొక్కా మొదటి మూడింట్లో చోటు సంపాదించింది.

ఆ పుస్తకాల్లోని వస్తువుల పట్టిక చూస్తే వేట సామాను అంతా కనిపిస్తుంది. చెక్క శిలువ 2 బంగారు నాణేలు, వెండి శిలువ 25. పవిత్ర జలం, వెల్లుల్లి, గుండెలో దిగగొట్టడానికి కొయ్య మేకులు, సుత్తి. కిరాణా చీటీ చదివినట్టే ఉంటుంది, కానీ ఆ చీటీతోనే ఆట ఏ లోకంలో జరుగుతుందో ఆటగాడికి అర్థమైపోతుంది.

అసలు సరుకు మాత్రం ఇంకో పట్టికలో ఉంది. శవజీవులను తరిమే పట్టిక అది. ఒక పక్క క్లెరిక్ హోదాలు, ఇంకో పక్క ఎనిమిది రకాల చావని శవాలు: అస్థిపంజరం, జాంబీ, శవాలు తినే ఘూల్, వైట్, రేత్, మమ్మీ, స్పెక్టర్, చివర రక్తపిశాచి. రెండు పాచికలు వేయాలి. కొత్తగా దీక్ష తీసుకున్న మొదటి లెవెల్ క్లెరిక్‌కు అస్థిపంజరం మీద 7 లేదా అంతకు మించి పడాలి. అంటే సగం కంటే కాస్త ఎక్కువ సార్లు నెగ్గుతాడు. జాంబీ మీద 9, ఘూల్ మీద 11 పడాలి. ఆపైవాటి ముందు అతను నిలబడి ప్రార్థించినా లాభం లేదు. లెవెల్ పెరిగేకొద్దీ చిన్నవి పాచికలు వేయకుండానే పారిపోతాయి. ఇంకా పెరిగితే అక్కడికక్కడే మాడి మసైపోతాయి.

హోదాల పేర్లు కూడా సరదాగా ఉంటాయి. అకోలైట్ నుంచి మొదలై ఆరో లెవెల్‌లో బిషప్, ఏడులో లామా, ఎనిమిదిలో పేట్రియార్క్. క్రైస్తవ మెట్ల మధ్యలో టిబెట్ లామా ఎలా వచ్చి కూర్చున్నాడో గైగాక్స్‌కే తెలియాలి. అయితే ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. రక్తపిశాచిని తరిమే అవకాశం మొట్టమొదట దక్కేది ఆరో లెవెల్‌లో, అంటే బిషప్పుకు. అదీ పాచికల్లో 11 లేదా 12 పడితేనే, పన్నెండింట ఒకసారి. బిషప్ కార్‌ను తలుచుకునే ఆ గడి నింపారని నేను ప్రమాణం చేయను. కానీ ఆ గడి దగ్గరికి వచ్చేసరికి నాకు సెల్లార్‌లోని ఆ బల్లే గుర్తొస్తుంది.

ఇంత హంగామా ఎందుకంటే, ఈ శవజీవుల దెబ్బ మామూలు దెబ్బ కాదు. కత్తిగాయం మానుతుంది. వైట్ తగిలితే ఒక లెవెల్ పోతుంది, రక్తపిశాచి తగిలితే రెండు. నెలల తరబడి శనివారాలు కూర్చుని సంపాదించిన అనుభవమంతా ఒక్క పాచికతో గాలికి కొట్టుకుపోతుంది. ఆ కాలపు ఆటగాళ్లు డ్రాగన్‌కు భయపడ్డారో లేదో కానీ, చీకట్లో వైట్ కనబడితే క్లెరిక్ వెనక్కి చేరేవాళ్లు. ఆటగాడి భయాన్ని పాత్ర భయంగా మార్చిన నియమం ఇంతకంటే మంచిది ఆ పెట్టెలో లేదు. తర్వాత వచ్చిన ముద్రణలు దాన్ని మెత్తబరిచాయి. నాకది నష్టమే అనిపిస్తుంది.

మరి నిజం చరిత్రలో చర్చి మనిషి లేచిన శవానికి ఎదురు వెళ్లాడా? వెళ్లాడని రాసినవాడున్నాడు. 12వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో విలియం ఆఫ్ న్యూబర్గ్ అనే మఠవాసి తన కాలపు చరిత్ర రాస్తూ, సమాధుల్లోంచి లేచి తిరిగిన శవాల కథలు కొన్ని చేర్చాడు. బకింగ్‌హామ్ ప్రాంతంలో చనిపోయినవాడొకడు రాత్రిపూట భార్య దగ్గరికి, తర్వాత అన్నదమ్ముల దగ్గరికి, ఆపైన పట్టపగలే ఊళ్లోకి వచ్చాడట. జనం లింకన్ బిషప్ హ్యూను ఆశ్రయించారు. ఇలాంటివి ముందూ జరిగాయి, శవాన్ని తవ్వి కాల్చేస్తే సరి అని పక్కనున్నవాళ్లు సలహా ఇచ్చారు. బిషప్పు ఒప్పుకోలేదు. చచ్చినవాడికి అది అమర్యాద అనుకుని, అతని పాపాలు క్షమిస్తూ స్వహస్తాలతో ఒక ఉత్తరం రాసి, సమాధి తెరిచి గుండె మీద పెట్టించాడు. మళ్లీ ఆ శవం లేవలేదని విలియం రాశాడు.

అదే పుస్తకంలో దీనికి పూర్తిగా తలకిందుల కథ ఇంకొకటుంది. మెల్రోజ్ మఠం దగ్గర ఒక జమీందారిణికి గురువుగా ఉన్నవాడు దైవచింతన మానేసి వేటకుక్కలతో తిరిగేవాడు. జనం అతనికి కుక్కల గురువని పేరు పెట్టారు. చచ్చాక ఆయనే లేచాడు. మఠవాసి ఒకడు ఇంకొందరిని తోడు తీసుకుని రాత్రి శ్మశానంలో కాపు కాశాడు. తోడొచ్చినవాళ్లు చలి కాచుకోవడానికి పోయిన సమయంలో శవం మీదికి వస్తే గొడ్డలితో నరికాడు. తెల్లారి తవ్వితే శవం మీద ఆ గాయం ఉంది. కాల్చి బూడిద చల్లేశారు. ఈ కథలో వేటగాడూ మతగురువే, శవమూ మతగురువే. ఇంత మంచి కథావస్తువును ఆటల పుస్తకాలు ఇంకా పూర్తిగా వాడుకోలేదు.

మన చందమామలో శవాన్ని భుజాన వేసుకుని నడిచినవాడు రాజు. అతనికి బేతాళుడితో వాదమే తప్ప వేట లేదు. యూరప్‌లో మాత్రం ఈ పని చర్చి నెత్తిన పడింది, దాన్ని అది అంత ఇష్టంగా మోసిందీ లేదు. 18వ శతాబ్దంలో తన ఏలుబడిలోని పల్లెల్లో రక్తపిశాచుల పేరిట సమాధులు తవ్వడం పెచ్చుమీరితే, ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసా 1755లో తన వైద్యుడు వాన్ స్వీటెన్ మాట విని దాన్ని నిషేధించింది. ఊరి జనం మేకులు పట్టుకుంటే చదువుకున్నవాళ్లు ఆపడమే చరిత్రలో ఎక్కువ.

క్లెరిక్ గురించి పాత ఆటగాళ్లందరికీ తెలిసిన నియమం ఇంకొకటుండేది: పదునైన ఆయుధం పట్టకూడదు, గదలాంటివే పట్టాలి. మతగురువు రక్తం చిందించకూడదట. దీనికి సాక్ష్యంగా అందరూ చూపించేది బాయూ అల్లికపటం. 1066 హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ ప్రభువు విలియం సవతి తమ్ముడు బిషప్ ఓడో దుడ్డుకర్ర ఎత్తి గుర్రం మీద కనిపిస్తాడు. అది అధికార చిహ్నం కావచ్చని చరిత్రకారులు అంటారు. ఆ మాట అలా ఉంచితే, దుడ్డుకర్రతో తల పగలగొడితే రక్తం రాదా అన్న ప్రశ్నకు ఏ నియమావళిలోనూ జవాబు లేదు. తమాషా ఏమిటంటే ఈ తర్కం లేని నియమానికి అస్థిపంజరాల దగ్గర కొంత తర్కం దొరుకుతుంది. 2014 ముద్రణలో వాటికి మొద్దు దెబ్బ రెట్టింపు తగులుతుంది. కత్తి ఎముకల సందుల్లోంచి పోతుంది, గద విరగ్గొడుతుంది.

1980ల్లో అమెరికాలో కొన్ని క్రైస్తవ సంఘాలు ఈ ఆటను సైతాను పని అన్నాయి. చేతిలో శిలువ పట్టుకున్న బిషప్పుతో మొదలైన ఆటకు ఆ పేరు రావడం విడ్డూరమే. ఆ సరికే శిలువ పోయి, ఏ దేవుడికైనా సరిపోయే ‘పవిత్ర చిహ్నం’ వచ్చేసింది. 1980లో వచ్చిన దేవతల పుస్తకంలో గ్రీకు, నార్స్ దేవుళ్లతో పాటు మన ఇంద్రుడికి, అగ్నికి, కాళికి కూడా బలాబలాల లెక్కలు వేశారు. 1983లో హిక్‌మన్ దంపతులు రాసిన ‘రేవెన్‌లాఫ్ట్’ స్ట్రాడ్ అనే రక్తపిశాచి ప్రభువును తెచ్చి వేటను మళ్లీ నడిమధ్యకు చేర్చింది. ఆ లోకం మీద తర్వాత వచ్చిన పుస్తకాల్లో పేరుమోసిన వేటగాడు వాన్ రిక్టెన్ మళ్లీ డాక్టరే, కొడుకు రక్తపిశాచిగా మారితే చంపుకోవాల్సి వచ్చిన తండ్రి.

ఇప్పుడు అలాంటి పాత్రను తయారు చేయాలనుకునేవారికి 2014 నియమాల ప్రకారం నాలుగు మాటలు. దేవుణ్ని జాగ్రత్తగా ఎంచుకోండి. గ్రేహాక్ లోకంలో సూర్యదేవుడు పేలర్, ఫర్గాటెన్ రెల్మ్స్‌లో చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే కెలెంవోర్ ఈ పనికి తగినవాళ్లు. కెలెంవోర్‌ను కొలిచేవాళ్లకు శవజీవులంటే కోపం కంటే బాధ ఎక్కువ ఉండాలి, లింకన్ హ్యూ గారిలాగా. పాయింట్లు ముందు విజ్డమ్ అనే గుణానికి పోయండి. ముప్ఫై అడుగుల లోపు శవజీవులు మీ ప్రార్థన తట్టుకోగలవా లేదా అన్నది ఆ అంకెతోనే తేలుతుంది. కాంతి దెబ్బలు వేసే మంత్రాలు వదలకండి. జాంబీ పడ్డాక కూడా లేచే గుణం కాంతి ముందు పనిచేయదు. రక్తపిశాచి గాయాలు తమంతట తాము మానిపోకుండా ఆపేవి కూడా ఆ కాంతి, పవిత్ర జలమే. ఒక్క ప్రార్థనతో రక్తపిశాచిని తరమొచ్చని మాత్రం ఆశపడకండి. ఓడిన పరీక్షను రోజుకు మూడుసార్లు నెగ్గినట్టు మార్చుకునే వెసులుబాటు దానికుంది.

వైద్యం అంతా మీ నెత్తినే రుద్దితే మొదట్లోనే చెప్పేయండి, మీరు వచ్చింది కట్లు కట్టడానికి కాదని. అన్నిటికంటే ముందు ఆట నడిపే డంజన్ మాస్టర్‌ను ఒక్కమాట అడగండి: ఈ కథలో శవాలు లేస్తాయా? లేవవంటే మొహమాటం లేకుండా ఇంకో పాత్ర ఎంచుకోండి.