ఉబ్బిన ఊపిరితిత్తులకు నాళికా చికిత్సలు

దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి ముదిరి, ఊపిరితిత్తులలోని వాయుగోణుల గోడలు శిథిలమై, లోనికి పోయిన గాలి తిరిగి వెలుపలికి రాలేక నిలిచిపోవు దశలో, ఛాతీని కోయకుండ, నోటి ద్వారా శ్వాసనాళములలోనికి సన్నని గొట్టమును పంపి చేయు చికిత్సలను నాళికా చికిత్సలందురు. వీనిలో ప్రధానమైనది శ్వాసనాళ కవాటముల అమరిక. సీఓపీడీ అను పొడి అక్షరముల పేరుతో వైద్యులు వ్యవహరించు ఈ వ్యాధి నెల్లూరు సీమ తీరగ్రామములకు క్రొత్తది కాదు. దాని పేరు మాత్రమే క్రొత్తది.

పెన్న డెల్టా వరిపొలములకును ఇసకపల్లి ఉప్పుమడులకును చేరువనున్న అల్లూరులో, పది అడుగులు నడచి అరుగు మీద కూలబడు వృద్ధుని జబ్బును ఆయాసమనియో ఉబ్బసమనియో చెప్పుకొందురు. ఆస్తమాకును సీఓపీడీకిని ఈ మాటలే చెల్లుచున్నవి. ఆస్తమాలో బిగిసిన నాళములు మందుతో చాలవరకు మరల విచ్చుకొనును. రెండవదానిలో జరిగిన నష్టము శాశ్వతము. చుట్టయు బీడీయు దీనికి ప్రసిద్ధ కారణములు. అయితే చుట్ట ముట్టని ఆడవారిలోను ఈ వ్యాధి కనబడుటకు, తీరమంతట పెంచెడు సరుగుడు తోపుల కట్టెలతో, పొగ పోవు దారి లేని వంటయిండ్లలో, దశాబ్దముల తరబడి అన్నము వండిన బ్రతుకు ముఖ్యకారణము. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన దీపం పథకమును, 2016లో కేంద్రము ప్రారంభించిన ఉజ్వల యోజనయు గ్యాసుపొయ్యిని ఇంటింటికి చేర్చినవి గాని, అంతకు ముందే పీల్చిన పొగ చేసిన హాని ఏ పొయ్యితోను మరలి పోదు. 1990లో భారతదేశమున 2 కోట్ల 81 లక్షలుగా నుండిన ఈ వ్యాధిగ్రస్తుల సంఖ్య 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలైనదని అంచనా.

వ్యాధిలోని మర్మము తెలియనిదే చికిత్స యందలి మర్మము బోధపడదు. ఊపిరితిత్తి అను మాటలోనే తిత్తి యున్నది. కమ్మరి కొలిమితిత్తి తెరచుకొనుట యెంత అవసరమో ముడుచుకొనుట యంతే అవసరము. ముడుచుకొనని తిత్తిలోనికి క్రొత్తగాలి రానేరదు. వాయుగోణుల గోడలు చినిగి సాగుడు గుణము పోయినపుడు, రోగి ఎంత బలముగా ఊపిరి వదలినను పాతగాలి లోపలనే చిక్కుకొని, ఊపిరితిత్తి ఉబ్బి, గుమ్మటము వలె నుండవలసిన ఉదరవితానమును పళ్ళెము వలె చదును చేయును. ఈ స్థితికి పాశ్చాత్యులు పెట్టిన ఎంఫిసీమా అను గ్రీకు పేరునకు గాలిచే ఉబ్బుట యని అర్థము. మన ఉబ్బసములోను ఉబ్బు అను ధ్వని వినవచ్చుచునే యున్నది. స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 19వ శతాబ్ది ఆరంభముననే దీనిని వర్ణించెను. గాలి చాలక బాధపడుచున్నానని రోగి తలచును. నిజమునకు అతని బాధ పోని గాలి వలన కలిగినది. కనుక గాలిని ఎక్కించుట కాక, చెడిన భాగమును ముడిచివేయుటయే ఈ చికిత్సల ఆశయము.

ఊపిరితిత్తిని ముడిచి మేలు చేయవచ్చునను భావము తెలుగునేలకు ఎరుకయైనదే. క్షయకు మందులు లేని రోజులలో, ఇటలీ దేశీయుడగు ఫోర్లానీని 1882లో ప్రతిపాదించిన పద్ధతిని అనుసరించి, ఛాతీలోనికి సూదితో గాలి నెక్కించి పుండుపడిన ఊపిరితిత్తిని ముడిచి దానికి విశ్రాంతి నిచ్చు చికిత్స లోకమంతటి శానిటోరియములలోను నడచినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో, డెన్మార్కు దేశీయుడగు డాక్టర్ ఫ్రీమోట్-మోలర్ ఆధ్వర్యవమున 1915లో నెలకొన్న శానిటోరియము ఆ యుగపు దక్షిణభారత క్షయవైద్యమునకు పెద్ద కేంద్రము. ఉద్దేశము వేరైనను, చెడిన భాగమును పనినుండి తప్పించి మిగిలినదానిని కాపాడుట అను సూత్రము రెంటికిని ఒక్కటే.

శస్త్రవైద్యులు ఈ సూత్రమును ఉబ్బిన ఊపిరితిత్తులకు అన్వయించిరి. 1950 దశకములో అమెరికాలోని బాల్టిమోరులో బ్రాంటిగన్ చెడిన భాగములను కోసివేయుటకు పూనుకొనెను గాని, మరణములు హెచ్చగుటచే ఆ ప్రయత్నము మరుగునపడెను. 1990 దశకమున జోయెల్ కూపర్ దానిని పునరుద్ధరించెను. తరువాత 1,218 మందిపై జరిగి 2003లో ఫలితములు వెలువడిన గొప్ప పరీక్ష, పైతమ్మెలలో, అనగా ఊపిరితిత్తి పై ఖండములలో, వ్యాధి అధికమై, వ్యాయామశక్తి క్షీణించిన వారికి శస్త్రచికిత్స ఆయుర్దాయమును పెంచుననియు, అతి క్షీణులైన కొందరికి అదియే ప్రాణాపాయమగుననియు తేల్చినది. కత్తి లేకయే ఆ ఫలము నందజాలమా యను ప్రశ్న అక్కడ పుట్టినది.

దారి అప్పటికే తెరచియున్నది. 1897లో జర్మనీ వైద్యుడు కిలియన్ శ్వాసనాళములోనికి గొట్టము పంపి, అందు చిక్కిన ఎముకముక్కను తీసెను. 1960 దశకమున జపానుకు చెందిన ఇకెడా వంగెడు బ్రాంకోస్కోపును రూపొందించెను. నేటి కవాటము, నిటినాల్ అను లోహపు అల్లికకు సిలికోను తొడిగిన చిన్న వస్తువు. దానిని నాళికలో ముడిచి, బ్రాంకోస్కోపు గుండా చెడిన తమ్మెకు పోవు శాఖల ముఖముల కడ వదలుదురు. అచ్చట అది విచ్చుకొని కుదురుకొనును. సాధారణముగ మూడు మొదలు ఐదు వరకు కవాటములు పట్టును. పంటకాలువ తూములోని ఒంటివైపు తలుపు వలె, నిశ్వాసమున గాలిని, కఫమును వెలుపలికి విడుచును, ఉచ్ఛ్వాసమున గాలిని లోనికి రానీయదు. క్రమముగ ఆ తమ్మె ముడుచుకొనును; నొక్కబడియున్న మంచి తమ్మెలు విచ్చుకొనును; ఉదరవితానము తన వంపును కొంత తిరిగి పొందును. అవసరమైనచో కవాటములను తీసివేయవచ్చును. కోసిన తమ్మెను తిరిగి పెట్టలేని శస్త్రచికిత్సతో పోల్చినపుడు ఇది స్వల్ప విషయము కాదు.

అయినను మొదటి పెద్ద పరీక్ష నిరుత్సాహమునే కలిగించినది. 321 మందితో జరిగి 2010లో వెలువడిన ఆ పరీక్షలో మేలు అల్పము. కారణమును వెదుకగా తేలినదే ఈ వైద్యమునకు ప్రాణమైన సత్యము. కుడి ఊపిరితిత్తికి మూడు, ఎడమదానికి రెండు తమ్మెలు. వాని నడుమ చీలికలు కలవు. కొందరిలో ఆ చీలికలు పూర్తిగా ఉండవు. అట్టివారిలో ముందు తలుపు మూసినను పక్క తమ్మె నుండి గాలి దొంగదారిని వచ్చి చేరును, తమ్మె ముడువదు. కావున నేడు సీటీ స్కానుతో చీలికలను కొలిచి, పిదప చివర బుడగ గల చార్టిస్ అను నాళికను లోనికి పంపి, బుడగతో ఆ శాఖను మూసి, లోపలి నుండి వచ్చు గాలి క్రమముగ తగ్గి ఆగిపోవునో లేదో చూతురు. ఆగినచో కవాటము ఫలించును. ఆగనిచో మానుకొనుటయే ధర్మము. నెదర్లాండ్సులో ఇట్లు ఎంపిక చేసిన 68 మందిపై జరిపిన పరీక్ష 2015లో స్పష్టమైన మేలును చూపినది. పరికరము కంటె ఎంపికయే గొప్పదని నా దృఢాభిప్రాయము.

190 మందిపై జరిగి 2018లో ప్రకటితమైన లిబరేట్ పరీక్షలో, ఒక సెకనులో బలముగా వదలగల గాలి 15 శాతమో అంతకు మించియో పెరిగిన వారు కవాటములు పొందినవారిలో 47.7 శాతము, పొందనివారిలో 16.8 శాతము. ఆరు నిమిషముల నడకలో తేడా సుమారు 39 మీటర్లు. ఆ సంఖ్య చిన్నదిగా తోచువారు, మంచము నుండి పెరటి బావి వరకు పోలేని మనిషికి అది ఎంత దూరమో తలచి చూడవలెను. ఆ యేడే అమెరికా ప్రభుత్వము జెఫిర్, స్పైరేషన్ అను రెండు కవాటములకు అనుమతి నిచ్చెను. అపాయమును దాచరాదు: ఆ పరీక్షలోనే కవాటములు పొందిన 128 మందిలో నాలుగింట ఒకరికి పైగా న్యుమోథొరాక్సు, అనగా ఊపిరితిత్తి చిట్లి చుట్టును గాలి చేరుట, సంభవించినది, మొదటి 45 దినములలో నలుగురు మరణించిరి.

కావున ఇది ఆయాసపడు ప్రతివానికిని తగినది కాదు. ముందు పొగ మానవలెను, పీల్చు మందులు సక్రమముగ వాడవలెను, శ్వాస వ్యాయామములు చేయవలెను, టీకాలు వేయించుకొనవలెను. రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారు దినమునకు 15 గంటలకు తక్కువ కాకుండ ఆక్సిజన్ పొందవలెను. ఇవన్నియు చేసినను ఉబ్బు తగ్గక, ఊపిరి వదలిన పిదప మిగులు గాలి ఉండవలసినదానికి 175 శాతము మించినవారే సాధారణముగ ఈ చికిత్సకు పరిగణింపబడుదురు. మన దేశమున పాత క్షయ మచ్చలు గలవారు అనేకులు గనుక, ఇచ్చటి వైద్యుడు స్కానును మరింత శ్రద్ధతో చదువవలసియుండును.

తక్కిన పద్ధతులను గూర్చి చెప్పవలసినది కొంచెము. లోహపు తీగచుట్టలను నాళములలో నుంచి ఊపిరితిత్తిని ముడుచు పద్ధతి 315 మందిపై జరిగిన పరీక్షలో స్వల్ప ఫలమునే చూపినది; అటుపిమ్మట ఆ చుట్టల తయారీ నిలిచిపోయినది. వేడి ఆవిరిని పంపి చెడిన భాగమును మచ్చగట్టించు పద్ధతికి చీలికల నియమము లేదు గాని చేసినదానిని మరలింప వీలులేదు. శ్వాసనాళపు గోడకు రంధ్రములు చేసి గాలికి పక్కదారి కల్పించు యత్నము, రంధ్రములు పూడిపోవుటచే విఫలమైనది. రక్తనాళముల గుండా పోవు నాళిక వేరొకటి కలదు: ఊపిరితిత్తుల ధమనులలో పాత నెత్తురుగడ్డలు పేరుకొన్నవారికి, తొడ సిర నుండి బుడగ నాళికను పంపి దారి విప్పుట. జపాను వైద్యులు దీనిని మెరుగుపరచిరి. అయితే అది పొగ వలన వచ్చు ఉబ్బుకు మందు కాదు, రెంటిని కలగాపులగము చేయరాదు.

అల్లూరు వంటి ఊరి రోగికి ఈ చికిత్స హైదరాబాదు, చెన్నపట్టణము వంటి నగరములలోనే లభించును. కవాటములు విదేశముల నుండి వచ్చునవి గనుక ఖర్చు అధికము. దీనికి మొదటి మెట్టు మాత్రము అంత దూరమున లేదు. ఊదుడు పరీక్ష, అనగా స్పైరోమెట్రీ, చేయించనిదే ఆస్తమాయో సీఓపీడీయో తేలదు. ఆ పరీక్షకు నెల్లూరు చాలును. న్యుమోథొరాక్సులలో అధికభాగము మొదటి మూడు దినములలోనే వచ్చుటచే ఆ మూడు రాత్రులు రోగిని ఆసుపత్రి విడిచి పోనీయరు. ఇంటికి వచ్చిన తరువాతను హఠాత్తుగా ఛాతీ నొప్పియో ఊపిరాడకపోవుటయో కలిగినచో, పాత ఆయాసమే తిరగబెట్టినదని పొరుగువారి మాట విని కషాయములతో కాలము గడపక, ఛాతీకి గొట్టము వేయగల నెల్లూరు ఆసుపత్రికి తక్షణమే బయలుదేరవలెను. కవాటములు ఉన్నవను చీటీని అచ్చటి వైద్యునికి ముందుగా చూపవలెను.