ఉద్యోగ నష్ట బీమా: కొండపల్లి పారిశ్రామికవాడలో క్లెయిము

పని పోయినవారికి కొంతకాలంపాటు జీతంలో కొంత భాగం చెల్లించే ఏర్పాటును ఉద్యోగ నష్ట బీమా అంటారు. మన దేశంలో ఇది రెండు దారుల్లో దొరుకుతుంది. ఒకటి ఈఎస్‌ఐ, అంటే కార్మిక రాజ్య బీమా సంస్థ ఇచ్చే భృతి. రెండోది ప్రైవేటు బీమా కంపెనీలు ఇంటి రుణానికో తీవ్రవ్యాధుల పాలసీకో తగిలించి అమ్మే అదనపు రక్షణ. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో కార్మికులకు అక్కరకొచ్చేది మొదటిదే. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత కనిపిస్తే అది ఆస్పత్రి కోసమే అనుకోవడం మామూలు. అందులో నిరుద్యోగ భృతి కూడా ఉంది.

బొమ్మలకూ కోటకూ పేరుపడిన కొండపల్లి పక్కనే పారిశ్రామికవాడ పెరిగింది. గ్యాస్ సిలిండర్లు నింపే ప్లాంట్లు, చమురు డిపోలు, చిన్నా పెద్దా కర్మాగారాలు అక్కడున్నాయి. దగ్గర్లోనే ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల లోడింగు, హౌస్‌కీపింగు, సెక్యూరిటీ పనులు చాలావరకు కాంట్రాక్టర్ల చేతుల్లో నడుస్తాయి. పని పోవడానికి కారణం ఎప్పుడూ కార్మికుడి చేతిలో ఉండదు. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ నుంచి గ్యాస్ తగ్గిపోయాక లాంకో కొండపల్లి విద్యుత్కేంద్రపు విస్తరణ యూనిట్లు ఏళ్ల తరబడి పడకేశాయి. మాతృసంస్థ లాంకో ఇన్‌ఫ్రాటెక్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఈఎస్‌ఐ చట్టం 1948 నాటిది. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది. పదిమందికి తగ్గకుండా పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. నెల జీతం పరిమితి 2017 జనవరి నుంచి 21,000 రూపాయలు. 2019 జులై నుంచి యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడుతున్నారు. 15,000 జీతగాడికి నెలకు కోత పడేది 113 రూపాయలు. ఈ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో భాగమైంది. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి.

నిరుద్యోగ భృతి ఈ పథకంలోకి ఆలస్యంగా వచ్చింది. 2005 ఏప్రిల్ 1న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ చేసినా, పనికి సంబంధంలేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా అది వర్తిస్తుంది. భృతి తీసుకుంటున్నంతకాలం కార్మికుడికీ కుటుంబానికీ ఈఎస్‌ఐ వైద్యం ఆగదు. అసలు డబ్బు కంటే ఇదే విలువైనదని చెప్పాలి, ఎందుకంటే పని పోయిన ఇంట్లో జబ్బు చేస్తే అప్పు తప్పదు.

రెండో పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఇది 2018 జులై 1న వచ్చింది. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం మాత్రమే ఇచ్చేవారు, అదీ పని పోయి మూడు నెలలు గడిచాక. కోవిడ్ లాక్‌డౌన్‌లో 2020 మార్చి 24 నుంచి ఉద్యోగం పోయినవారికి దాన్ని 50 శాతం చేశారు, నిరీక్షణను 30 రోజులకు తగ్గించారు. యజమాని ద్వారా రావాల్సిన క్లెయిమును కార్మికుడే నేరుగా పెట్టుకునే వీలు కల్పించారు. ఈ మూడో మార్పే అన్నిటికన్నా పెద్దది. తీసేసిన యజమానే సంతకం పెట్టాలనడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? ఆ సడలింపుల్ని తర్వాత విడతలవారీగా పొడిగించారు. క్లెయిము పెట్టేరోజున ఏ గడువు నడుస్తోందో చూసుకోవాలి.

అటల్ పథకం కింద ఎంత వస్తుందో లెక్క వేద్దాం. సగటు రోజు సంపాదన తీయడానికి గడిచిన నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. నెలకు 15,000 చొప్పున రెండేళ్లకు 3,60,000. రోజుకు 493 పైచిలుకు. అందులో సగం 246 పైచిలుకు. గరిష్ఠంగా 90 రోజులకు సుమారు 22,190 రూపాయలు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. నెలన్నర జీతం కూడా కాని ఈ సొమ్ముతో ఇల్లు గడవదు. ఇంకో పని దొరికేదాకా కిరాణా కొట్టు బాకీ, ఇంటద్దె నెట్టుకురావడానికి మాత్రం పనికొస్తుంది.

దీనికి షరతులున్నాయి. కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి. సడలించిన నిబంధన ప్రకారం, పని పోవడానికి ముందరి చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా కట్టి ఉండాలి. అంతకుముందరి మూడు కాలాల్లో ఏదో ఒకదానిలోనూ 78 రోజులుండాలి. దుష్ప్రవర్తనకు తొలగించినా, పదవీ విరమణ వయసు వచ్చినా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా వర్తించదు.

కొండపల్లి లాంటి చోట క్లెయిము చిక్కుపడేది ఎక్కువగా ఈ షరతుల దగ్గరే. కాంట్రాక్టు మారినప్పుడు మనిషి అదే గేటులో, అదే పనిలో ఉంటాడు. కొత్త కాంట్రాక్టర్ మాత్రం పాత బీమా నంబరు అడక్కుండా కొత్తది పుట్టిస్తాడు. పది అంకెల ఆ ఐపీ నంబరు మారితే పాత చందాలు లెక్కలోకి రావు, రెండేళ్లు పూర్తయినట్టు కంప్యూటరుకు తెలియదు. రెండు నంబర్లనూ కలపాలంటే ఈఎస్‌ఐ బ్రాంచి కార్యాలయంలో అర్జీ ఇవ్వాలి. పని పోకముందే ఈ పని పూర్తిచేసుకోవడం మేలు. మరో చిక్కు రాజీనామా. “ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు కావాలంటే ఇక్కడ సంతకం పెట్టు” అంటూ ముందుకు తోసే కాగితంలో వ్యక్తిగత కారణాలతో మానుకుంటున్నానని ఉంటుంది. ఆ సంతకంతో రిట్రెంచ్‌మెంటు పరిహారమూ పోతుంది, భృతికి కారణమూ పోతుంది. చదవకుండా పెట్టిన ఒక్క సంతకం ఏళ్ల చందాను గాలికి వదిలేస్తుంది.

క్లెయిమును ఈఎస్‌ఐ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి పెట్టాలి. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కించాలి. మొదట్లో నోటరీ చేసిన అఫిడవిట్ అడిగేవారు. 2020 నవంబరులో దాన్ని ఎత్తేశారు. పత్రాలు ఆన్‌లైన్‌లో ఎక్కించలేకపోతే సంతకం చేసిన ప్రింటును బ్రాంచి కార్యాలయంలో ఇవ్వొచ్చు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: ఈఎస్‌ఐ డిస్పెన్సరీలూ విజయవాడలోని గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రీ రాష్ట్ర ప్రభుత్వ వైద్య విభాగం నడిపేవి. డబ్బు చెల్లింపులు చూసేది ఈఎస్‌ఐ కార్పొరేషన్ బ్రాంచీలు. గుణదలలో మందుల కౌంటరు దగ్గర భృతి గురించి అడిగితే సమాధానం దొరకదు.

ఈ ఈఎస్‌ఐ భృతిని 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన ముఖ్యమంత్రి యువనేస్తంతో కలపకూడదు. అది ఉద్యోగం రాని పట్టభద్రులకు నెలకు వెయ్యి రూపాయలిచ్చిన ప్రభుత్వ సాయం. చందాతో నడిచే బీమా కాదు. కొండపల్లి బొమ్మల కళాకారులకైతే ఈఎస్‌ఐ భృతి అందదు. తెల్లపొణికి చెక్కను చెక్కి రంగులద్దే వారి పని ఇంటి వసారాలోనే సాగుతుంది. యజమాని లేడు, పదిమంది లేరు, కాబట్టి ఈఎస్‌ఐ లేదు. కొనేవాళ్లు రాని నెల వారికి నష్టమే, దానికి బీమా లేదు.

ప్రైవేటు పాలసీల సంగతి వేరు. జీతం నష్టపోయినంతా ఇచ్చేది మన దేశంలో సామాన్యంగా కనిపించదు. ఎక్కువగా మూడు ఈఎంఐల వరకు కట్టే రక్షణే ఉంటుంది. రాజీనామా, ప్రొబేషన్‌లో తీసేయడం, పనితీరు బాగాలేదని తొలగించడం, స్వయం ఉపాధి వంటివి మినహాయింపుల్లో ఉంటాయి. బ్రిటన్‌లో రుణాలకు అంటగట్టిన ఇలాంటి పీపీఐ (రుణ చెల్లింపు రక్షణ) పాలసీల్ని అక్కరలేనివారికీ అమ్మి, బ్యాంకులు చివరికి 38 బిలియన్ పౌండ్లకు పైగా వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఇంటి రుణం తీసుకునేటప్పుడు “ఇది తప్పనిసరి” అని చెప్పే పాలసీని మినహాయింపుల పేజీ చదివాకే తీసుకోవాలి.

ప్రైవేటు కంపెనీ క్లెయిమును తిరస్కరిస్తే దారి ఉంది. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.