శ్రీహరికోట నిప్పు

శ్రీహరికోట అంటే ఇప్పుడు రాకెట్లు. బ్రిటిష్ కాలపు మద్రాసుకు మాత్రం అది పొయ్యిల్లోకి కట్టెలు పంపే దీవి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న ఆ అడవి కట్టె బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో నగరానికి చేరేది.

ఆ అడవి ఆనుపానులు ఎరిగినవారు యానాది గిరిజనులు. కర్రల రాపిడితో నిప్పు పుట్టించే వారి విద్యను మానవశాస్త్రవేత్త ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో గ్రంథస్థం చేశాడు. చిన్న కర్రలో గుంట తొలిచి, అందులో రెండో కర్రను నిలిపి, అరచేతుల మధ్య కవ్వంలా గిరగిరా తిప్పుతారు. పుట్టిన రవ్వ మంట కావాలంటే గాలి కావాలి. కమ్మరి కొలిమితిత్తిదీ, పాత ఇనుప డ్రమ్ముకు బ్లోయరు బిగించి చెత్త కాల్చే పొయ్యిదీ ఇదే సూత్రం: తగినంత గాలి తోస్తే వేడి పెరుగుతుంది, పొగ తగ్గుతుంది.

రాకెట్టుకు ఆ గాలితో పనిలేదు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి రోహిణి-125 ఎగిరింది. ఇలాంటి ఘన ఇంధన రాకెట్లు మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇంధనంలోనే కలుపుకొని వెళ్తాయి. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశకు పట్టే సుమారు 139 టన్నుల ఇంధనాన్ని పోత పోసేదీ ఈ దీవిలోనే.

1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటును ఎంపిక చేశాక దీవిలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ కేంద్రం, అంటే షార్, చరిత్ర రాసేవారు యానాదుల నిప్పు విద్యకూ అందులో చోటివ్వాలి.