పోడు నేరమైన నాడు

మన పిల్లలకు అల్లూరి సీతారామరాజు పేరు తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి కథా తెలుసు. దానికి 40 ఏళ్ల ముందు కథ చాలామంది పెద్దలకే తెలియదు.

కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో రాగులూ సామలూ చల్లుకోవడమే పోడు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, సర్కారు రిజర్వు చేసిన అడవిలో అది నేరమయింది. పశువుల మేతకూ, వంటచెరకుకూ ఆంక్షలు వచ్చాయి. ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంవారిని రోడ్డు పనికి తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. రాజు వెంట నడిచినవారు వీరే.

1924 మే 7న రాజును కాల్చి చంపారు. అడవిపై గిరిజనుల హక్కును పార్లమెంటు చట్టం చేసి ఒప్పుకున్నది 2006లో. పిల్లలకు వీరుని కథ చెప్పేటప్పుడు ఆ పోడు చేను సంగతి కూడా చెబుదాం.